నైజీరియన్లు, చాక్టా ప్రజలు: ఆర్థిక, సామాజిక పరిస్థితులను ఏ ప్రమాణంతో పోల్చాలి?

నంబూరు విద్యార్థిని

పెద్దలకు నమస్కారం. నేను ఎం.ఏ. ఆర్థికశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. సెమినార్ పత్రాలకు విషయాలను మా తరగతిలో చీటీలు తీయించి పంచారు. నాకు వచ్చిన చీటీలో "నైజీరియన్, చాక్టా సముదాయాల ఆర్థిక, సామాజిక పరిస్థితుల పోలిక" అని ఉంది. నైజీరియా గురించి వార్తల్లో చదివినంత తెలుసు గానీ, చాక్టా అన్నది అమెరికాలోని ఒక మూలవాసీ జాతి పేరని ఆ చీటీ విప్పిన రోజునే తెలుసుకున్నాను.

మూడు వారాలు గ్రంథాలయంలో కూర్చుని ఒక పట్టిక తయారు చేశాను. ఒక పక్క ఇరవై కోట్లకు పైగా జనాభా, ఐదు వందలకు పైగా భాషలు, 36 రాష్ట్రాలు ఉన్న దేశం. మరో పక్క ఓక్లహోమా రాష్ట్రపు ఆగ్నేయ మూలన పదిన్నర కౌంటీల ప్రాంతం, రెండు లక్షలు దాటిన సభ్యత్వం ఉన్న ఒక జాతి. అంటే మన విజయవాడ జనాభాలో నాలుగో వంతుకు కూడా రారు. తలసరి ఆదాయం, విద్యుత్తు, తాగునీరు, ఆసుపత్రి, ఏ వరుస చూసినా చాక్టా వైపే మొగ్గు కనిపించింది. పట్టిక పూర్తయ్యేసరికి పత్రం కూడా పూర్తయిపోయింది, ఎందుకంటే అమెరికాలో ఉన్నవారు నైజీరియాలో ఉన్నవారి కంటే సంపన్నులని చెప్పడానికి సెమినార్ అక్కర లేదు.

పోనీ, అమెరికాలో స్థిరపడిన నైజీరియన్లను తీసుకుందామని చూస్తే త్రాసు పూర్తిగా వారి వైపు వాలింది. ఆ వలసదారుల్లో 25 ఏళ్ళు దాటినవారిలో సగానికి పైగా డిగ్రీ గానీ అంతకు మించి గానీ చదివినవారు. అమెరికా మొత్తం జనాభా సగటు మూడో వంతుకు కాస్త పైన ఉంటే, అమెరికా మూలవాసుల సగటు దానికీ చాలా దిగువన ఉంది. ఒకే చీటీకి రెండు విరుద్ధమైన జవాబులు వస్తున్నాయి. ఏ నైజీరియన్లను ఏ చాక్టాలతో పోల్చితే అర్థవంతంగా ఉంటుందో, ఆదాయం కాకుండా ఏ ప్రమాణాన్ని పట్టుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

బ్రాడీపేట మాస్టారు

అమ్మా, దేశాన్ని తెచ్చి జాతి పక్కన నిలబెట్టినందువల్ల నీకీ చిక్కు వచ్చింది. మన మిర్చి యార్డులో ఒక టిక్కీ (బస్తా) తేజ రకానికి ధర కట్టేటప్పుడు యార్డు మొత్తం సరుకు సగటుతో పోల్చేవాడు ఎవడూ ఉండడు. నైజీరియా అన్నది ఆ యార్డు వంటిది. 2022లో ఆ దేశపు గణాంక సంస్థ ప్రకటించిన బహుముఖ పేదరిక సర్వే (ఆదాయంతో కాక చదువు, ఆరోగ్యం, బతుకు సౌకర్యాల లోటుతో పేదరికాన్ని కొలిచేది) ప్రకారం 63 శాతం మంది, అంటే 13.3 కోట్ల మంది పేదలు. అదే సర్వేలో నైరుతిన ఉన్న ఒండో రాష్ట్రంలో పేదల వాటా 27 శాతం కాగా, వాయవ్యాన ఉన్న సొకొటోలో 91 శాతం. ఈ రెండింటికీ నడుమ గీసిన సగటు ఏ ఒక్క సముదాయానికీ వర్తించదు.

కాబట్టి నైజీరియా లోపల నుండి ఒక సముదాయాన్ని ఎంచుకో. అలా ఎంచుకోబోతే నీకొక ఇబ్బంది ఎదురవుతుంది. అది కూడా పత్రంలో రాయవలసిన విషయమే. నైజీరియాలో చివరి జనగణన 2006లో జరిగింది, అందులో జాతినీ మతాన్నీ అడగనే లేదు, ఎందుకంటే ఎవరు ఎంతమంది అన్న లెక్క మీదే అక్కడ నిధులూ సీట్లూ పంచుకుంటారు గనుక ఆ ప్రశ్న అడిగితే గొడవలు వస్తాయని భయపడ్డారు. చాక్టాల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. అమెరికా ప్రభుత్వం నియమించిన డావ్స్ కమిషన్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలుపెట్టి పేరు పేరునా ఒక చిట్టా తయారు చేసింది, ఇప్పటికీ ఓక్లహోమా చాక్టా సభ్యత్వానికి ఆ చిట్టాలోని పూర్వీకుణ్ణి చూపించాల్సిందే. ఒకచోట జాతిని లెక్కించడానికే జంకు, మరోచోట లెక్కే జాతికి హద్దు అయింది.

ప్రమాణం అడిగావు గనుక, నా సలహా భూమిని పట్టుకోమని. భూమి ఎవరిది, దాని కింద ఉన్న ఖనిజం ఎవరిది, దాని మీద వచ్చిన రాబడి ఎక్కడ ఖర్చు కావాలో ఎవరు నిర్ణయిస్తారు, ఈ మూడు ప్రశ్నలనూ రెండు చోట్లా అడిగి చూడు.

చాక్టాల సొంత గడ్డ మిసిసిపి ప్రాంతం. 1830 సెప్టెంబరు 27న డాన్సింగ్ రాబిట్ క్రీక్ అనే చోట కుదిరిన ఒప్పందంతో సుమారు 1.1 కోట్ల ఎకరాలను వదులుకుని, 1831 నుండి 1833 వరకు విడతలుగా పడమటికి, నేటి ఓక్లహోమాకు తరలిపోవలసి వచ్చింది. చలికీ కలరాకూ దారిలోనే వేల మంది చనిపోయారు. అక్కడ చేరిన తరువాత భూమిని ఉమ్మడిగానే ఉంచుకుని, సొంత శాసనసభనూ బడులనూ నడుపుకున్నారు. 1898లో కర్టిస్ చట్టం వచ్చి ఆ ఉమ్మడి భూమిని మనిషికింత అని చీల్చింది. సగటు రకం నేలైతే తలకు 320 ఎకరాలు అన్నారు. కొంతకాలం అమ్ముకోరాదన్న షరతు కూడా పెట్టారు. మన ప్రాంతంలో డి-పట్టా (పేదలకు ప్రభుత్వం అమ్ముకోరాదని ఇచ్చిన) భూముల గతి తెలిసినవారికి తరువాతి కథ నేను చెప్పనక్కర లేదు. 1908లో చేసిన మరో చట్టం, సగం కంటే తక్కువ మూలవాసీ రక్తం ఉన్నట్టు నమోదైనవారికి ఆ షరతును ఎత్తివేసింది, దానితో చూస్తుండగానే భూమి చేతులు మారిపోయింది. బొగ్గు ఉన్న నేలలను మాత్రం పంపకంలో కలపకుండా జాతి పేరున విడిగా ఉంచి, ఆ రాయల్టీని విద్యకు కేటాయించారు. ఇది గుర్తుంచుకో, నైజీరియా దగ్గర మళ్ళీ పనికి వస్తుంది.

నైజీరియాలో వీరికి జోడుగా ఓగోనీ జాతిని తీసుకోమంటాను. నైజర్ డెల్టాలో రివర్స్ రాష్ట్రంలో ఉంటారు, చిన్న జాతి, వ్యవసాయం, చేపల వేట వృత్తులు. వారి నేలలో 1958లో చమురు బయటపడింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఖనిజ రాబడిలో సగం అది దొరికిన ప్రాంతానికే చెందేది. తరువాత వచ్చిన సైనిక ప్రభుత్వాలు 1969లో చమురు మొత్తాన్నీ కేంద్రం పరం చేశాయి. 1978 భూ వినియోగ చట్టం ప్రతి రాష్ట్రంలోని భూమినీ ఆ రాష్ట్ర గవర్నర్ చేతిలో పెట్టింది. ఉత్పత్తి ప్రాంతపు వాటా 1980ల నాటికి ఒకటిన్నర శాతానికి కుంచించుకుపోయి, 1999 రాజ్యాంగంతో 13 శాతానికి చేరింది. ఆ 13 శాతమైనా రాష్ట్ర ప్రభుత్వానికి వెళుతుంది, ఓగోనీలకు నేరుగా వెళ్ళదు. 1990లో వారు హక్కుల పత్రం ప్రకటించారు, 1993లో ఉద్యమ ఒత్తిడికి అక్కడ చమురు తీయడం ఆగింది, 1995 నవంబరు 10న రచయిత కెన్ సారో-వీవానూ మరో ఎనిమిది మందినీ సైనిక ప్రభుత్వం ఉరి తీసింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆ నేలను పరీక్షించి, ఒక ఊరి తాగునీటి బావుల్లో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితికి 900 రెట్లకు పైగా ఉందనీ, పూర్తిగా శుద్ధి కావడానికి 25 నుండి 30 ఏళ్ళు పట్టవచ్చుననీ తేల్చింది.

మరి చాక్టాలు ఎలా నిలదొక్కుకున్నారు అంటే, వారు కూడా అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చినవారే. 1959లో అమెరికా కాంగ్రెస్ వారి జాతీయ ప్రతిపత్తినే రద్దు చేసే చట్టం చేసింది. అది అమలులోకి రావడానికి సరిగ్గా ఒక రోజు ముందు, 1970 ఆగస్టు 24న, యువకుల ఆందోళన ఫలితంగా ఆ చట్టం రద్దయింది. అంతవరకు వారి అధిపతిని అమెరికా అధ్యక్షుడే నియమించేవాడు, ఆ తరువాతనే ఎన్నిక హక్కు తిరిగి వచ్చింది. 1975 చట్టంతో వైద్యం, విద్య వంటి సేవలను కేంద్ర నిధులతో తామే నడుపుకునే వీలు కలిగింది. ఇటువంటి తలుపు ఓగోనీలకు ఏ రోజునా తెరుచుకోలేదు. ఆదాయాల తేడా కంటే నన్ను అడిగితే ఈ తేడాయే పెద్దది.

ఆటోనగర్ మనిషి

మాస్టారికి నమస్కారం. మీరు చెప్పినవన్నీ నిజమే గానీ, ఇది చదివిన అమ్మాయికి నైజీరియా అంటే చమురు, ఉరికంబం తప్ప మరేమీ లేదనిపిస్తుందేమోనని రాస్తున్నాను. నేను 2011 నుండి 2018 వరకు నైజీరియాలోని పెద్ద నగరం లాగోస్‌లో విడిభాగాల వ్యాపారంలో పనిచేసి, ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడుపుకుంటున్నాను.

ఆ దేశానికి ఆగ్నేయాన అనంబ్రా రాష్ట్రంలో న్నెవీ అనే పట్టణం ఉంది. మొదటిసారి అక్కడి అంగళ్ళ వీధిలో నడిచినప్పుడు మన ఆటోనగర్ రోడ్డు మీదికి వచ్చినట్టే అనిపించింది, అదే గ్రీజు వాసన, అదే సుత్తి మోత, దుకాణం ముందు అదే బేరింగుల కుప్ప. ఇగ్బో జాతి వారు నడిపే ఈ వ్యాపారానికి ప్రభుత్వ సాయం గానీ బ్యాంకు అప్పు గానీ మూలం కాదు. తమ ఆగ్నేయ ప్రాంతాన్ని బియాఫ్రా అనే వేరే దేశంగా ప్రకటించుకుని, 1967 నుండి 1970 వరకు జరిగిన యుద్ధంలో ఓడిపోయిన తరువాత, బ్యాంకులో ఎంత సొమ్ము ఉన్నా సరే, ఖాతాదారుకు 20 పౌండ్లు మాత్రమే ఇస్తామని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ వెంటనే 1972లో విదేశీ కంపెనీల వాటాలను స్వదేశీయులకు అమ్మించినప్పుడు, కొనడానికి వీరి దగ్గర పైసా లేదు.

అటువంటి స్థితి నుండి వారిని లేపింది శిష్యరికం. ఊరి నుండి ఒక కుర్రాణ్ణి తెచ్చి, కొన్నేళ్ళ పాటు తిండీ బసా పెట్టి, జీతం లేకుండా వ్యాపారం నేర్పి, గడువు పూర్తయ్యాక యజమాని అతనికి పెట్టుబడి ఇచ్చి సొంత దుకాణం పెట్టిస్తాడు. దానిని అక్కడ కూడా 'సెటిల్ చేయడం' అనే అంటారు, ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. మన షెడ్లలో మేస్త్రి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి రెండు చేతుల పని తప్ప పెట్టుబడి దక్కదు, ఆ ఒక్క తేడా చాలా పెద్దది. అయితే దీనిని మరీ పొగడవద్దు. గడువు దగ్గర పడినప్పుడు దొంగతనం అంటగట్టి వెళ్ళగొట్టే యజమానులు అక్కడా ఉన్నారు, పైగా ఇది మొదటి నుండీ మగపిల్లల చుట్టూ అల్లుకున్న ఏర్పాటు.

పొదుపు సంగతి కూడా రాయి తల్లీ. అక్కడి యొరుబా జాతివారు అజో అంటారు, హౌసా జాతివారు అదాషే అంటారు, మనం చీటీ అంటాం. నెలనెలా అందరూ వేసి, వంతుల వారీగా ఒకరు ఎత్తుకోవడం. మన పాటల చీటీలాగా తగ్గింపు పాట ఉండదు, వచ్చిన వంతుకు మొత్తం సొమ్ము వస్తుంది.

ఇక కరెంటు. ఇబ్రహీంపట్నంలోని మన థర్మల్ కేంద్రం ఒక్కదాని సామర్థ్యం 2,500 మెగావాట్లు దాటింది. ఇరవై కోట్ల జనాభాకు నైజీరియా గ్రిడ్డు అందించేది మామూలు రోజుల్లో నాలుగైదు వేల మెగావాట్లు. అందుకే లాగోస్‌లో అద్దె తరువాత మా పెద్ద ఖర్చు జనరేటరు డీజిలే. 2023లో ఇంధన సబ్సిడీ తీసివేసి, కరెన్సీని మార్కెట్టుకు వదిలిన తరువాత డాలరుకు 460 దగ్గర ఉన్న నైరా కొద్ది నెలల్లోనే 1,500 దరిదాపులకు పడిపోయింది. విడిభాగాలు దిగుమతి చేసుకునే నా పాత మిత్రుల సరుకు మూడో వంతుకు చిక్కిపోయింది. మాస్టారు భూమిని కొలమానం చేయమన్నారు. భూమి లేనివాడు ఎలా బతుకుతున్నాడో కొలవడానికి మరో గరిటె కావాలని నా మనవి.

ప్లేనో పటమటవాసి

మాది పటమట, పదకొండేళ్ళుగా అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటున్నాను. చాక్టా జాతి కేంద్రమైన డురాంట్ ఇక్కడి నుండి ఉత్తరంగా రెండు గంటల లోపు ప్రయాణం. రెడ్ రివర్ దాటితే ఓక్లహోమాలో వారి క్యాసినో కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే, ఇక్కడి తెలుగువారిలో చాలామందికి చాక్టా అన్న పేరు ఆ బోర్డు చూసే తెలుసు. ఓక్లహోమా అన్న మాట కూడా వారి భాషదేనని, 'ఎర్ర ప్రజలు' అని దాని అర్థమని చెబితే ఆశ్చర్యపోతారు.

డురాంట్‌లో 1987లో బింగో హాలుగా మొదలైన జూద వ్యాపారం, మూలవాసీ జాతుల జూద వ్యాపారానికి నియమాలు పెట్టిన 1988 అమెరికా చట్టం తరువాత విస్తరించింది. టెక్సాస్‌లో వాణిజ్య క్యాసినోలకు అనుమతి లేదు గనుక మా ఊరి సొమ్మే నది దాటి వారి ఖజానాకు చేరుతుంది. అందులో పెద్ద భాగాన్ని ఆసుపత్రులకు, స్కాలర్‌షిప్పులకు, ఇళ్ళ నిర్మాణానికి, భాషా బోధనకు ఖర్చు చేస్తారు. తాలిహీనాలో 1999లో ప్రారంభమైన ఆసుపత్రి ఒక మూలవాసీ జాతి తన సొంత నిధులతో కట్టుకున్న మొదటి ఆసుపత్రి.

అయితే చాక్టా ప్రాంతం మొత్తం డురాంట్‌లా ఉంటుందనుకోవద్దు. 2014లో ఒబామా ప్రభుత్వం పేదరికాన్ని లక్ష్యంగా పెట్టుకుని ఎంపిక చేసిన మొదటి ఐదు ప్రాంతాల్లో చాక్టా నేషన్ ఒకటి. హైవే వదిలి కొండల వైపు మళ్ళితే పాత ట్రెయిలర్ ఇళ్ళు, మూతపడిన దుకాణాలు ఉన్న ఊళ్ళు వస్తాయి. మరొక మెలిక ఏమిటంటే, సభ్యుల్లో సగానికి పైగా ఆ పదిన్నర కౌంటీల బయటే ఉంటారు. సభ్యత్వానికి రక్త శాతం నియమం లేదు గనుక, చిట్టాలో ముత్తాత పేరు ఉన్న డాలస్ ఇంజనీరూ చాక్టాయే, కొండ ఊళ్ళో కట్టెలు కొట్టుకునే మనిషీ చాక్టాయే. వీరిద్దరి సగటు తీస్తే నీ పట్టికకు మళ్ళీ అదే జబ్బు పడుతుంది.

ఇక్కడ అమెరికాలో స్థిరపడిన నైజీరియన్ల గురించి నీకు వచ్చిన అనుమానం సరైనదే. 1965 వలస చట్టం తరువాత చదువు కోసం, ఉద్యోగం కోసం వడపోతకు నిలిచి వచ్చినవారు వారు. అచ్చం మా బాపతే. ప్లేనోలోని తెలుగువారి జీతాలు చూసి దివిసీమ కౌలు రైతు ఆదాయాన్ని అంచనా వేస్తే ఎంత సబబో, వారిని చూసి నైజీరియాను అంచనా వేయడం అంతే సబబు. ఏటా సుమారు 2,000 కోట్ల డాలర్లు విదేశాల్లోని నైజీరియన్లు ఇంటికి పంపుతారన్న సంగతిని మాత్రం వదలవద్దు.

మాస్టారు ఒక విషయం దాటవేశారు. చాక్టాలలో సంపన్నులు నల్లజాతి బానిసలను ఉంచుకున్నారు, పడమటికి నడిచినప్పుడు వారిని కూడా వెంట నడిపించారు, అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన నిలిచారు. 1866 ఒప్పందంతో ఆ బానిసలు విముక్తులయ్యారు, 1885లో జాతి వారిని సభ్యులుగా చేర్చుకుంది, భూ పంపకంలో చాక్టాకు 320 ఎకరాలైతే వారికి 40 ఎకరాలే దక్కాయి, 1983 నాటి చాక్టా రాజ్యాంగం రక్త సంబంధాన్ని షరతు చేయడంతో వారి వారసులు సభ్యత్వం బయట ఉండిపోయారు. అమెరికాకు బానిసలుగా తరలించిన ఆఫ్రికన్లలో గణనీయమైన భాగాన్ని ఓడలెక్కించింది బియాఫ్రా అఖాతపు రేవుల్లో, అంటే ప్రధానంగా నేటి నైజీరియా ఆగ్నేయ తీరంలో. నీ చీటీలోని రెండు పేర్లూ చరిత్రలో నిజంగా ఎదురుపడ్డ చోటు ఏదైనా ఉందంటే అది ఇదే, అది కూడా సుఖమైన చోటు కాదు.

నంబూరు విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. పటమట అన్నయ్య గారు చెప్పిన 40 ఎకరాల సంగతి నేను చదివిన పుస్తకంలో ఒక అధోజ్ఞాపికలో మాత్రమే ఉంది, మళ్ళీ తీసి చూశాను. మాస్టారూ, ఒక్క సందేహం. 1830 తరువాత మిసిసిపిలోనే ఉండిపోయిన చాక్టాలు కూడా ఉన్నారని చదివాను. వారిని లెక్కలోకి తీసుకోవాలా, లేక ఓక్లహోమాతో ఆపుకోవాలా? ఆటోనగర్ బాబాయ్ గారు చెప్పిన న్నెవీని ఎక్కడ పెట్టాలో కూడా తోచడం లేదు.

బ్రాడీపేట మాస్టారు

బానిసల విషయం దాటవేశానన్న మాట నిజమే, అది నా పొరపాటు. నీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే తల్లీ, ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టు.

1830 ఒప్పందంలోని 14వ అధికరణం ప్రకారం మిసిసిపిలో ఉండిపోదలచినవారు పేరు నమోదు చేయించుకుంటే కుటుంబ పెద్దకు 640 ఎకరాలు ఇవ్వాలి. నమోదు చేయవలసిన ప్రభుత్వ ఏజెంటు చాలామంది పేర్లు రాసుకోనే లేదు. దానితో వారు సొంత గడ్డ మీదే తెల్లవారి పొలాల్లో పాలుకు చేసుకునే కూలీలై, తరతరాలు అప్పుల్లోనే గడిపారు. 1945లో గాని వారి ప్రభుత్వానికి అమెరికా గుర్తింపు రాలేదు. ఫిలిప్ మార్టిన్ అనే నాయకుడు పారిశ్రామికవాడ కోసం కంపెనీల చుట్టూ తిరిగి, 1979లో కార్ల వైరింగ్ అమర్చే కర్మాగారాన్ని తెప్పించాడు. అక్కడి క్యాసినో 1994లో వచ్చింది, అంటే కర్మాగారం తరువాత పదిహేనేళ్ళకు. చాక్టాల బాగు అంతా జూదం చలవే అనేవారికి ఆ పదిహేనేళ్ళను చూపించు. సభ్యత్వానికి సగం రక్తం ఉండాలన్న నియమం వారిది. సుమారు పదకొండు వేల మంది మాత్రమే ఉన్నా, చాక్టా భాష ఇళ్ళలో ఓక్లహోమాలో కంటే అక్కడే ఎక్కువ బతికి ఉంది.

భూమి పోయినవారు వైరింగ్ అల్లుతూ నిలిచారు, సొమ్ము పోయినవారు విడిభాగాలు అమ్ముతూ నిలిచారు. ఆటోనగర్ వారు మరో గరిటె కావాలన్నారే, అది ఇక్కడ పనికి వస్తుంది. ఖనిజం, రాబడి, అధికారం అన్న భాగంలో ఓక్లహోమా చాక్టాలనూ ఓగోనీలనూ పెట్టు, ఏమీ లేని చోట నుండి లేచిన భాగంలో మిసిసిపి చాక్టాలనూ న్నెవీ ఇగ్బోలనూ పెట్టు. ఈ రెండో జంటలో చాక్టాల వైపు జాతి ప్రభుత్వం ముందు నడిచింది, ఇగ్బోలకు అటువంటి ప్రభుత్వమే లేదు, బంధుత్వమూ మాట మీది నమ్మకమూ ఆ పని చేశాయి. ఎక్కడ ఏది ఎంతవరకు నిలుస్తుందో అన్నదాని మీద నీ సొంత అభిప్రాయం రాయి, అది నేను చెప్పకూడదు.

నంబూరు విద్యార్థిని

అలాగే చేస్తాను మాస్టారూ. మూడు వారాలు కష్టపడి చేసిన పట్టికను పారేయడానికి మనసు రావడం లేదు గనుక, దానిని మొదటి పేజీ నుండి తీసి చివర అనుబంధంలో పెడతాను. ఆటోనగర్ బాబాయ్ గారూ, శిష్యరికం గడువు ఎన్నేళ్ళో మొదట్లోనే మాట్లాడుకుంటారా, సెటిల్ చేసేటప్పుడు ఎంత ఇవ్వాలన్నది కూడా ముందే నిర్ణయిస్తారా, లేక యజమాని దయ మీద ఆధారపడుతుందా? వీలైతే ఆ వివరం రాయగలరు, రెండో భాగం అక్కడి నుండి మొదలుపెడదామనుకుంటున్నాను.

ఆటోనగర్ మనిషి

గడువు ముందే మాట్లాడుకుంటారు తల్లీ, ఇంటి పెద్దల ఎదుట. నేను చూసినంతలో ఐదు నుండి ఎనిమిదేళ్ళు. సొమ్ము ఎంతన్నది మాత్రం ఎవరూ ముందు చెప్పరు. గొడవలన్నీ అక్కడే పుడతాయి, అలా పుట్టిన గొడవను కోర్టుకు తీసుకువెళ్ళిన కుర్రాణ్ణి నేనైతే ఒక్కణ్ణి కూడా చూడలేదు, ఊరి పెద్దల దగ్గర కూర్చోబెట్టేవారు.